వయసు అనే జవాబు

మా ఆవిడ పోయిన ఏడాదికి నాకు నిద్ర పోయింది, తరువాత ఆకలి పోయింది, చివరికి పేపరులో ఒక పేరా చదివితే పై పేరాలో ఏముందో గుర్తుండని స్థితి వచ్చింది. శ్రీకాకుళంలో నేను మొదట చూపించుకున్న డాక్టరుగారు రక్తపరీక్షలు, థైరాయిడ్, తలకు స్కాను రాసి, అన్నీ బాగున్నాయని చెప్పి, నా ముఖమైనా చూడకుండా "డెబ్భై వచ్చాయి కదా మాస్టారూ, ఈ వయసులో ఇవన్నీ మామూలే" అని నిద్రమాత్రలు ఇచ్చి పంపేశారు. ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పినవాణ్ణి. కారణం చూపని జవాబుకు నేనెన్నడూ మార్కులు వెయ్యలేదు. ఆ మాట మీద నాకు నేటికీ కోపం చల్లారలేదు.

ఆ కార్తీకమాసంలోనే ఒక రాత్రి, రెండు గంటలవేళ, గుండె దడదడలాడుతుంటే లేచి పెరటి మెట్టు మీద కూర్చున్నాను. ఇక తెల్లవారకపోతే బాగుండుననిపించింది. అలా అనిపించాక మనసు నెమ్మదించింది. ఆ నెమ్మదిని తలచుకుంటే ఇప్పటికీ జడుపు వస్తుంది. ఎలాగో విశాఖకు ఫోను చేశాను. మా కోడలు ఎత్తి, "మావయ్యగారూ, ఫోను పెట్టకండి, అత్తయ్యగారు చోడి అంబలి ఎలా కాచేవారో చెప్పండి" అని, మా అబ్బాయి కారులో వచ్చి తలుపు తట్టేవరకు నా చేత మాట్లాడిస్తూనే ఉంది. ఆ పిల్ల రుణం నేను తీర్చుకోలేను.

విశాఖలో మానసిక వైద్యులు ఇది కుంగుబాటని చెప్పి, తక్కువ మోతాదులో మాత్రలు మొదలుపెట్టారు. పెద్దవాళ్లలో ఈ మందులకు ఒంట్లో సోడియం తగ్గవచ్చని రక్తం కూడా పరీక్ష చేయించారు. మాటల చికిత్సకు మాత్రం ముప్పై నిండని ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు. "పెళ్లయినా కాని పిల్ల, చావుబతుకుల గురించి నీకేం చెబుతుంది బావా?" అన్నాడు మా బావమరిది.

ఆ అమ్మాయి నాకు ఎడమ చెవి మందమని గమనించి, అడగకుండానే కుర్చీ కుడివైపుకు జరుపుకుంది. పెద్ద అక్షరాలతో ఉన్న 15 ప్రశ్నల కాగితం తీసి, మీ జీవితం ఖాళీగా ఉన్నట్టు అనిపిస్తోందా అని అడిగింది. అవునన్నాను. కాగితం పక్కన పెట్టి, "చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా మాస్టారూ?" అంది. అంతవరకు బంధువులు గానీ మొదటి డాక్టరుగారు గానీ ఆ మాట అడగలేదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని జంకుతారు కాబోలు. నాకైతే అడిగాకనే ఊపిరి ఆడింది. "డెబ్భై ఏళ్లు ఎలా ఉంటాయో నాకు తెలియదు, అది మీరు చెప్పాలి, కుంగుబాటు ఎలా పనిచేస్తుందో నేను చదువుకున్నాను, అది నేను చెబుతాను" అంది. పెద్దరికం కొద్దీ ఆమె సంబంధాల సంగతి ఎత్తితే నవ్వి, మళ్లీ నా దగ్గరికే మాట తిప్పేది.

యాభై దాటినవారికి ఈ చికిత్స పనికిరాదన్నట్టు మాటల చికిత్సకు పునాది వేసిన ఫ్రాయిడే 1905లో రాశాడని, ముసలితనంలో గతం తవ్వుకోవడం మనసుకు అవసరమైన పనేనని రాబర్ట్ బట్లర్ అనే అమెరికా వైద్యుడు 1963లో వాదించాడని ఆమే చెప్పింది. నా బతుకును ఒక్కో పదేళ్లుగా చెప్పించుకుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలోని మా కొబ్బరితోటను పడగొట్టిన మర్నాడు, కూలిన చెట్ల పక్కనే మా ఆవిడ పొయ్యి పెట్టి వీధి వీధికంతా గంజి కాచిన సంగతి చెబుతూ, ఆమె పోయాక మొదటిసారి బిగ్గరగా ఏడ్చాను. ఆ అమ్మాయి ఓదార్చడానికి తొందరపడలేదు. నిద్ర తిరిగి రావడం ఆ వారం నుంచే మొదలైంది.

ఇప్పుడు ఆదివారాలు అరసవల్లి వెళ్లి సూర్యనారాయణమూర్తికి దండం పెట్టుకుంటున్నాను. ఆరోగ్యం ఆయన ఇచ్చేదేనని నా నమ్మకం. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పేవరకు మానను, మీరూ మానకండి. రాత్రివేళ మాట్లాడే మనిషి లేకపోతే ప్రభుత్వం వారి టెలిమానస్ నంబరు 14416 ఉంది, గోడ మీద రాసి పెట్టుకోండి. మొదటి డాక్టరుగారికి ఇదంతా వివరంగా ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాస్తాను.