పార్వతీశం టోపీ ఇంకా నవ్వించడం లేదు

టోపీ సీను ఈసారీ చప్పగానే పోయింది. మొక్కపాటివారి హాస్య నవల బారిస్టర్ పార్వతీశం మొదటి భాగం (1924) 70 నిమిషాల నాటకంగా దాదాపు కుదిరినట్టే. నిడదవోలు రైలు రెండు బల్లలు, ఒక ఇత్తడి గంటతో హాయిగా నడిచిపోతోంది. చెన్నపట్నంలో టోపీ కొన్నాడూ, అక్కడ బండి దిగబడుతోంది.

చిక్కంతా నవల చెప్పే తీరులోనే ఉంది. కథ చెప్పేది పార్వతీశమే. అది దొరసానులు పెట్టుకునే టోపీ అని అతనికి తెలీదు కాబట్టి చదివేవాళ్లకీ తెలీదు. జనం నవ్వడం ముందు, ఎందుకు నవ్వారో తెలియడం తర్వాత. స్టేజి మీద ఆ వరస నిలవదు. టోపీ చేతిలోకి రాగానే హాలంతా చూసేస్తుంది.

గడ్డి అల్లిక టోపీతో జరిగింది అదే. వ్యాసం 16 అంగుళాలు, గులాబీ రంగు రిబ్బను, పక్కన ఈక. కొట్లోనే ఐదు సెకన్ల నవ్వు పడింది. తీరా ఓడ మీద తోటి ప్రయాణికులు విరగబడి నవ్వుతుంటే హాల్లో ఉలుకూ పలుకూ లేదు. నవ్వు కాస్తా కొట్లోనే ఖర్చయిపోయింది మరి.

సరే, ఈక పీకేసి బూడిదరంగు ఫెల్టు టోపీ పెడితే? అంచు 3 అంగుళాలు, రిబ్బను అంగుళం. కొట్లో ఎవరికీ అనుమానం రాలేదు, కావలసిందీ అదే. కానీ ఓడ మీద గుట్టు బయటపడ్డాక కూడా రాలేదు! ఐదో వరస దాటితే అంగుళం రిబ్బను ఆనదు. ఆనినా, ఇవాళ్టి ప్రేక్షకుడికి మగ టోపీకీ ఆడ టోపీకీ తేడా ఏం తెలుస్తుంది? "అది ఆడవాళ్లదండీ" అని ఒక పాత్ర చేత చెప్పించాల్సి వచ్చింది. విప్పి చెప్పిన హాస్యానికి ఎవరు నవ్వుతారు?

ప్రస్తుతం నడుస్తున్న పద్ధతి ఇది. కొట్లో టోపీ కనిపించదు. 18 అంగుళాల గుండ్రటి అట్టపెట్టె మూత ప్రేక్షకుల వైపు లేస్తుంది, పార్వతీశం లోపలికి చూసి మురిసిపోతాడు, మూత పడుతుంది. ఓడ సీన్లో ముందు ఒక దొరసాని అచ్చం అలాంటి గడ్డి టోపీతోనే ఎడమ వింగు (స్టేజి పక్క తెర చాటు) నుంచి కుడి వింగుకి మెల్లగా దాటుతుంది. కనీసం 8 సెకన్లు, అంతకంటే తగ్గితే కన్ను పట్టుకోదు. ఆమె వెళ్లిన వింగులోంచే పార్వతీశం వస్తాడు. నవలలో లేని రెండు ముక్కలు చేర్చాం:

"ఏవండీ, ఆ టోపీ ఎవరిదండీ?"

"నాదేనండీ! కొత్తది!"

లెక్క ప్రకారం ఇక్కడ పేలాలి. ముందు వరసలు నవ్వుతున్నాయి, వెనక వరసలు లేదు. నా అనుమానం వెలుగు మీద. అంచు నుదుటి ముందుకి 4 అంగుళాలు పొడుచుకొచ్చింది. ఎదురు లైట్లు 45 డిగ్రీల ఎత్తు నుంచి పడుతుంటే నీడ కూడా సరిగ్గా 4 అంగుళాలు కిందికి దిగి కళ్లూ ముక్కూ మింగేస్తోంది. "కొత్తది" అన్నప్పుడు మొహంలో గర్వం కనిపించకపోతే మిగిలేది టోపీ ఒక్కటే. లైట్లు 30 డిగ్రీలకి దింపితే నీడ 2.3 అంగుళాలకి తగ్గుతుంది. దింపే వీల్లేని హాల్లో టోపీని వెనక్కి వాల్చి పిన్ను పెట్టడమే దారి.

రెండో అనుమానం పెట్టె మీద. కొట్టుకీ ఓడకీ మధ్య 11 నిమిషాలు. ఈలోగా పెట్టె సంగతి జనం మరిచిపోతున్నారు. చెన్నపట్నం దాటాక రైల్లో ఎవరో ఆ అట్టపెట్టె మీద కూర్చోబోవడం, పార్వతీశం లబోదిబోమనడం ఒకటి ఇరికించాలి.

టోపీ అంచు వాలిపోకుండా రెండు పొరల బక్రం (గట్టిపరిచిన గుడ్డ), చుట్టూ 18 గేజి తీగ. తెల్ల జిగురు చెమటకి మెత్తబడుతుంది, ఫెవిబాండ్ (రబ్బరు జిగురు) మేలు.

కథకుడి మాటలు రికార్డు చేసి వేద్దామనే సలహా ఒకటి తిరుగుతోంది. నాకు బొత్తిగా గిట్టదు. నవ్వు మూడు సెకన్లుంటే నటుడు ఆగుతాడు, పెన్‌డ్రైవ్ ఆగదు. వయసు మళ్లిన పార్వతీశం స్టేజి కుడి మూల కుర్చీలో కూర్చుని నేరుగా చెప్పడమే సుఖం. ఆ టోపీని ఆయన ఒళ్లో పెట్టుకుంటే ఏమవుతుందో వచ్చే రిహార్సల్లో చూడాలి. గుట్టు ముందే బయటపడుతుంది, నిజమే. కానీ అప్పుడు కొట్లో నవ్వు అతని అమాయకత్వం మీదికి మళ్లొచ్చు.

హక్కుల మాట కూడా. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు పోయింది 1973లో, రచయిత పోయాక 60 ఏళ్లు లెక్కేస్తే 2033 చివరిదాకా కాపీరైటు ఉంటుంది. కరపత్రం మీద "నవల ఆధారంగా" అని వేస్తే చాలదు, వారసుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఈ తంటా లేకుండా తర్వాతిది చిలకమర్తివారి నవల గణపతి అనుకుంటున్నాం. ఆయన పోయింది 1946లో కాబట్టి ఆ గొడవ లేదు. పైగా ఆయన స్వయంగా నాటకకర్త, సంభాషణలు సగం సిద్ధంగానే దొరుకుతాయి.