ఎక్స్‌రే ఫిల్మ్ మీద అమ్మ ఫొటో తీయడానికి పదిహేను రోజులు

నిన్న రాత్రి పదకొండు గంటలకు ఎర్ర బల్బు వెలుగులో అమ్మ ముఖం ట్రేలో తేలింది. చేతులకు హైపో (బొమ్మ చెరగకుండా నిలిపే రసాయనం) వాసన ఇంకా పోలేదు. కోపం కూడా పోలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

తాతయ్య స్టూడియోలో వాడిన హాఫ్ ప్లేట్ (4¾×6½ అంగుళాల) చెక్క కెమెరా నా దగ్గర ఉంది. దానికి సరిపడే ఫిల్మ్ ఇక్కడ దొరకదు. విదేశాల నుంచి తెప్పించుకుంటే షీటు ఖరీదు భరించలేం. ఎక్స్‌రే ఫిల్మ్ అయితే చవక. ఆసుపత్రిలో దాని మీద బొమ్మ వేసేది చాలావరకు ఎక్స్ కిరణాలు కావు, ఫిల్మ్ పెట్టే క్యాసెట్‌లో ఎక్స్ కిరణాలు తగిలి మెరిసే స్క్రీన్లు వెలువరించే ఆకుపచ్చ లేదా నీలి కాంతి. అందుకే అది కెమెరాలోనూ పనిచేస్తుంది. ఎరుపు దానికి కనిపించదు కనుక ముదురు ఎర్ర బల్బు కింద చూసుకుంటూ కడగవచ్చు. 8×10 అంగుళాల షీటు కోస్తే రెండు హాఫ్ ప్లేట్ ముక్కలు వస్తాయి. బెలోస్ (కెమెరా ముడతల తిత్తి) చిల్లులు మూయడం, గాజు పలకల హోల్డర్‌లో ఫిల్మ్ వెనక అట్ట అమర్చడం ఒక్క ఆదివారంలో అయిపోయాయి.

కష్టమంతా ఫిల్మ్ కొనడంలోనే వచ్చింది.

కోఠిలో ఒక సర్జికల్ దుకాణంలో 8×10 ఎక్స్‌రే ఫిల్మ్ అడిగితే పెట్టె ఇచ్చారు. పెరట్లో వేపచెట్టును తీసి కడిగాను. ఏమీ రాలేదు. ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద వెలుగు పడనిచ్చే సమయం) నాలుగింతలు చేశాను, పదహారింతలు చేశాను. గీత కూడా పడలేదు. చివరికి ఒక ముక్కను ట్యూబులైటు కింద ఐదు నిమిషాలు ఉంచి డెవలపర్‌లో (బొమ్మను బయటికి తెచ్చే రసాయనంలో) వేశాను. వెలుగు సోకిన ఫిల్మ్ చూస్తుండగానే నల్లబడాలి. పడలేదు. డెవలపర్ పాడైందని కొత్త సీసా కొన్నాను. అందులోనూ అంతే. అదే డెవలపర్‌లో పాత ఫొటో పేపరు ముక్క వేస్తే నల్లగా మారింది. వారం రోజులు నిద్ర పట్టలేదు.

పెట్టె పట్టుకుని దుకాణానికి వెళ్లాను. కౌంటరు దగ్గర ఐదారుగురు ఉన్నారు. యజమాని పెట్టె వైపు చూడలేదు. "రోజూ ఆసుపత్రులకు ఇదే పంపుతున్నాం. మీకు కడగడం రాకపోతే ఫిల్మ్ ఏం చేస్తుంది సార్?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. పన్నెండేళ్లుగా నా ఫిల్మ్ నేనే కడుక్కుంటున్నాను. ఒక్క రోలు కూడా బయట ఇవ్వలేదు. ఆ మాట పడి తలవంచుకుని వచ్చేశాను.

మా వీధి చివర ఎక్స్‌రే ల్యాబులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఇస్త్రీ పెట్టె ఉందా బాబూ?" అన్నారు. వేడిగా ఆనించగానే ఫిల్మ్ బొగ్గులా నల్లబడింది. అది డిజిటల్ ఎక్స్‌రేలను ప్రింటు తీసే ఫిల్మ్. వేడితో బొమ్మ పడుతుంది, దానికి డెవలపర్‌తో పనే లేదు. ఆసుపత్రులకు పంపుతున్నామని దుకాణదారు అన్నది నిజమే. కానీ తాను అమ్మే సరుకు ఏమిటో తెలుసుకోని మనిషి, పనిమీద వచ్చినవాణ్ణి పదిమందిలో చులకన చేశాడు. ఆ గడప మళ్లీ తొక్కను.

మీరు కొంటే "గ్రీన్ సెన్సిటివ్, డార్క్‌రూములో కడిగే ఫిల్మ్" అని అడగండి. పెట్టె మీద డ్రై అనో థర్మల్ అనో ఉంటే వదిలేయండి. పెద్దాయన చెప్పిన మరో చోట నాకు ఫ్యూజీ హెచ్ఆర్-యూ అనే అలాంటి ఫిల్మ్ దొరికింది.

ఈ ఫిల్మ్‌కు రెండువైపులా వెలుగుకు స్పందించే మందు పూత ఉంటుంది, తడిస్తే గోరు తగిలినా గీత పడుతుంది. ట్రే అడుగున గాజు పలక వేసి, ఒక్కో ముక్కనే, ఐసుతో చల్లబరిచిన నీటిలో కలిపిన రోడినాల్ అనే డెవలపర్‌లో కడిగాను. ఒక వంతు రోడినాల్‌కు వంద వంతుల నీళ్లు. ఫిల్మ్ స్పీడు (వెలుగుకు స్పందించే వేగం) 50గా లెక్కపెట్టుకున్నాను. వరండా నీడలో ఎఫ్/32 దగ్గర, అంటే లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి, లెన్సు మూత తీసి రెండు సెకన్లు ఉంచి పెట్టేశాను. అమ్మ కదలలేదు.

పొద్దున నెగటివ్‌ను ఫొటో పేపరుకు ఆనించి కాంటాక్ట్ ప్రింటు తీశాను. చెంపల మీది సన్నని ముడతలన్నీ ఉన్నాయి. ఎరుపు కనిపించని ఫిల్మ్ కదా, ఎర్ర కుంకుమ కాటుకలా నల్లగా వచ్చింది. అమ్మ చాలాసేపు చూసి, గోడ మీద తాతయ్య తీసిన నానమ్మ ఫొటో దింపి పక్కన పెట్టింది. అందులోనూ బొట్టు అంతే నల్లగా ఉంది.