దెనారియస్ మీద ఇద్దరు అన్నదమ్ములు

మ్యూజియంలో రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలపు వెండి నాణెం దెనారియస్‌ను ఈరోజు భూతద్దంతో చూడగలిగాను. నాలుగు గ్రాములైనా తూగని ఆ నాణెం మీద ఒకవైపు లారెల్ ఆకుల కిరీటం ధరించిన చక్రవర్తి ముఖం, దాని చుట్టూ ఆయనను దైవత్వం పొందిన సీజర్ కుమారుడిగా, దేశపితగా చాటే లాటిన్ అక్షరాలు ఉన్నాయి.

నన్ను కట్టిపడేసింది మాత్రం రెండోవైపు. అగస్టస్ దత్తత తీసుకున్న ఆయన మనుమలు గయస్, లూసియస్ అక్కడ టోగాలు, అంటే రోమన్లు ఒంటికి చుట్టుకునే పొడవాటి వస్త్రాలు, ధరించి నిలుచున్నారు. వారి నడుమ డాళ్లు, ఈటెలు, పైన పురోహితులు వాడే గరిటె, వంపు తిరిగిన కర్ర. అగస్టస్ కుమారులు, కాబోయే కాన్సుల్‌లు (రోమ్ ఉన్నత పాలనాధికారులు), యువజన నాయకులు అనే బిరుదులన్నింటినీ ఆ కాస్త చోటులో పొడి అక్షరాలుగా కుదించి చెక్కిన పనివాడి నేర్పు నిజంగా అబ్బురపరుస్తుంది. క్రీ.పూ. 2 ప్రాంతం నుంచి లుగ్దునం, అంటే నేటి ఫ్రాన్సులోని లియోన్, టంకశాలలో విరివిగా ముద్రించిన ఈ నాణెం వారసులెవరో సామ్రాజ్యమంతటికీ తెలిపే ప్రకటన. ఆ వారసులలో లూసియస్ క్రీ.శ. 2లో, గయస్ క్రీ.శ. 4లో మరణించారు; సింహాసనం చివరకు టిబెరియస్‌కు దక్కింది.

నల్లగొండ ప్రాంతపు అక్కనపల్లిలోనూ అగస్టస్, టిబెరియస్‌ల వెండి నాణేలు దొరికాయి కనుక, ప్రదర్శనలో చక్రవర్తి పేరుతో సరిపెట్టకుండా బొమ్మల కథను కూడా తెలుగులో రాయాలని నా గట్టి కోరిక.