రిమోట్ బటన్ కింద నల్ల బిళ్ల

హన్మకొండలో మా ఇంటి టీవీ రిమోట్‌కి సౌండ్ బటన్ మొరాయించి నెల దాటింది. మొన్న ఆదివారం విప్పితే లోపల రబ్బరు పొర, ప్రతి బటన్ అడుగున కందిగింజంత నల్ల బిళ్ల. మల్టీమీటర్ పెట్టి చూశాను. పక్క బటన్ బిళ్ల రెండొందల ఓమ్‌లు, సౌండ్ బటన్‌ది లక్షల్లో! అదీ రోగం.

బటన్ నొక్కితే కరెంటు దారి కలిపేది ఆ బిళ్లే, అదీ రబ్బరే. సిలికాన్ రబ్బరు మామూలుగా కరెంటు పోనివ్వదు, కానీ అందులో కార్బన్ బ్లాక్, అంటే నానోమీటర్ల సైజు మసి, కలిపితే పోనిస్తుంది. తమాషా ఏంటంటే మసి కొంచెం కొంచెం పెంచుతూ పోతే చాలాసేపు ఏ మార్పూ ఉండదు, ఒక దగ్గర మాత్రం రెసిస్టెన్స్ ఉన్నట్టుండి వేల, లక్షల రెట్లు పడిపోతుంది. దీన్ని పెర్కొలేషన్ అంటారు. వాగు దాటడానికి బండలు వేసుకున్నట్టే, మధ్యలో ఒక్కటి తక్కువైనా ఇవతలే ఉండిపోతాం. బండలు తగులుకుని ఉండక్కర్లేదు, అంగ వేసేంత దూరంలో ఉంటే చాలు, ఎలక్ట్రాన్ కూడా కొద్ది నానోమీటర్ల సందుని దాటేస్తుంది.

మసితో అయితే చాలాసార్లు బరువులో 10 శాతం పైనే పోయాలి. అదే కార్బన్ నానోట్యూబులు, అంటే నానోమీటర్ల వెడల్పున్న కార్బన్ గొట్టాలు (1991లో జపాన్ శాస్త్రవేత్త ఇజిమా పేపర్‌తో అందరి కళ్లూ వాటి మీద పడ్డాయి) వెడల్పు కంటే వందల రెట్లు పొడవు కాబట్టి 1 శాతం లోపే సరిపోతాయి. గోలీలైతే గది నిండా పోస్తేగాని ఈ గోడ నుంచి ఆ గోడకి అందవు, పత్తికట్టెలైతే నాలుగు మోపులు చిందరవందరగా పడేసినా చాలు.

చెప్పడానికి ఎంత బాగుందో! ఎంటెక్‌లో నేను ఎపాక్సీలో, అంటే గట్టిపడే జిగురులాంటి ప్లాస్టిక్‌లో, 0.5 శాతం ట్యూబులు కలిపి అచ్చు పోస్తే మీటర్ ఓ.ఎల్. అని చూపించింది, అంటే కరెంటు అసలే పోవట్లేదు. బల్బుకి అడ్డంగా పెడితే లోపల నల్లటి ఉండలు. ట్యూబులు ఎనుమాముల మార్కెట్లో వానకి తడిసిన పత్తిలా ముద్దకట్టేస్తాయి, దూదేకినట్టు విడదీయాలి. ఆ కోపంలో రెండోసారి సోనికేటర్‌ని, అంటే అల్ట్రాసౌండ్‌తో కుదిపి ఉండలు విడగొట్టే మెషీన్‌ని, గంటన్నర ఆపకుండా నడిపాను. ఉండ అన్నది లేదు, కాటుకలా నున్నగా వచ్చింది, మా సీనియర్‌కి చూపించి మురిసిపోయాను కూడా. మీటర్ పెడితే మళ్లీ ఓ.ఎల్.! అల్ట్రాసౌండ్ దెబ్బకి ట్యూబులు విరిగి పొట్టివైపోయాయి, కట్టెల్ని నేనే గోలీలు చేసుకున్నానన్నమాట. పైగా మరీ బాగా విడిపోతే ఒక్కో ట్యూబు చుట్టూ ఎపాక్సీ పొర కప్పేస్తుంది, అదీ అడ్డమే. మూడోసారి బీకర్‌ని ఐసులో పెట్టి, ఆగి ఆగి నడిపి, తర్వాత మెల్లగా కలుపుతూ ట్యూబుల్ని కాస్త మళ్లీ దగ్గరకి రానిస్తే అప్పుడు వచ్చింది రీడింగ్, కొన్ని వేల ఓమ్‌లు. ల్యాబ్‌లో ఎవరూ లేరు, ఒక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నా.

అమ్మ పక్కనే కూర్చుని అంతా విని, "గిదంత సరేగని రిమోట్ అయితదా, కాదా బిడ్డా?" అంది. నానోట్యూబులు ఇంట్లో ఎక్కడివి, చాక్లెట్ రేకు ముక్క కత్తిరించి ఫెవిక్విక్‌తో బిళ్ల మీద అంటించాను. సౌండ్ పెరుగుతోంది. జిగురు పక్కకి కారినట్టుంది, తగ్గించే బటన్ మాత్రం ఇప్పుడు లోపలికి దిగట్లేదు.