చీటీ పొదుపే, పెట్టుబడి కాదు

చీటీ వేస్తే పెట్టుబడి పెట్టినట్టేనా అని మా బంధువుల్లో చాలామంది నన్ను అడుగుతుంటారు. కాదనే నా సమాధానం. ఎందుకో తెలియాలంటే ఒక చీటీ లెక్కను దగ్గరగా చూడాలి.

ఇరవై మంది నెలకు 5,000 రూపాయల చొప్పున కట్టే లక్ష రూపాయల చీటీని తీసుకుందాం. కూతురి పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో డబ్బు అవసరమైన సభ్యుడు ఆ నెల వేలంలో 20,000 తగ్గించి పాడుకుంటే అతని చేతికి 80,000 వస్తుంది. తగ్గించిన సొమ్ములో నిర్వాహకుడి కమీషన్ 5,000 పోగా మిగిలిన 15,000 తలా 750 చొప్పున పంచుతారు కాబట్టి ఆ నెల ఒక్కొక్కరు కట్టవలసింది 4,250కి దిగుతుంది. చివరి దాకా పాడకుండా ఆగినవారికి కమీషన్ మాత్రమే పోయి 95,000 అందుతుంది, వారు కట్టిన మొత్తం సాధారణంగా అంతకంటే తక్కువే ఉంటుంది. ఆ లాభం తోటి సభ్యులు అవసరం కొద్దీ వదులుకున్న సొమ్ము. దాని వెనుక పెరిగిన వ్యాపారం గానీ, ఆస్తి గానీ లేదు.

ఇలా అనడం చీటీని తక్కువ చేయడం కాదు. నెల తిరిగేసరికి కట్టి తీరాలన్న కట్టుబాటు వల్లనే ఎన్నో ఇళ్లలో నాలుగు రూపాయలు వెనకేయగలిగారు. అయితే 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదైన చీటీలోనే చేరాలని గట్టిగా చెబుతాను, ఎందుకంటే నోటుపుస్తకంలో రాసుకునే చీటీలో నడిపేవారు చేతులెత్తేస్తే డబ్బు రాబట్టుకోవడం చాలా కష్టం.

పెట్టుబడి స్వభావం వేరు. షేర్లు కొన్నవారు ఆ వ్యాపారపు లాభంతో పాటు నష్టాన్నీ పంచుకుంటారు. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ (పెద్ద కంపెనీల షేర్ల ధరల సూచీ) అదే ఏడాది అక్టోబరులో 9,000 కంటే దిగువకు పడిపోయి, మళ్లీ 21,000 చేరడానికి 2010 నవంబరు దాకా పట్టింది. ఆ దాదాపు మూడేళ్లు ఆగగలిగినవారి సంగతి సరే, మధ్యలో కాలేజీ ఫీజు కోసం అమ్ముకోవలసి వచ్చినవారికి ఆ నష్టం తిరిగి రాలేదు.

అందుకే రాబడి శాతం కంటే ముందు, ఆ డబ్బు ఎప్పుడు కావాలో అడగాలి. వచ్చే జూన్‌లో కట్టవలసిన ఫీజును బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లోనో, చీటీలోనో దాచుకోవాలి; చీటీ అయితే పాట ఏ నెల దక్కుతుందో ముందే తెలియదని గుర్తుంచుకోవాలి. పదిహేనేళ్ల తర్వాతి రిటైర్మెంటు సొమ్మును మాత్రం మొత్తం సేవింగ్స్ ఖాతాలోనే ఉంచితే, వచ్చే వడ్డీ ధరల పెరుగుదలను అందుకోలేదు, కనుక అందులో కొంత భాగాన్ని నెలనెలా, చాలామంది డబ్బు కలిపి షేర్ల వంటి వాటిలో పెట్టే మ్యూచువల్ ఫండ్‌లో పెట్టడం అవసరమని నేను నమ్ముతాను.