లిథియం: మాత్ర కాదు, రక్తంలో అంకె ముఖ్యం

నాది బైపోలార్, అంటే మనసు ఒకసారి విపరీతమైన ఉత్సాహంలోకి, ఇంకోసారి తీవ్రమైన దిగులులోకి వెళ్లే జబ్బు. ఇప్పుడు నిలకడగా ఉన్నానంటే లిథియం వల్లే. 1949లో జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు బయటపెట్టిన మందు ఇది. ఇన్నేళ్లలో ఎన్ని కొత్తవి వచ్చినా, జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో ఇప్పటికీ దీన్నే ముందు వరసలో పెడతారు.

ఎన్ని మిల్లీగ్రాములు మింగామని కాదు, రక్తంలో ఎంత నిలిచిందన్నదే లెక్క. చాలామందికి లీటరు రక్తానికి 0.6 నుంచి 0.8 మిల్లీమోల్స్ (రిపోర్టులో mmol/L) సరిపోతుంది. 1.5 దాటితే విషం. ఎడం అంతే!

అందుకే రక్తం ఇచ్చే వేళ తప్పకూడదు. రాత్రి 9కి మాత్ర వేసుకుంటే పొద్దున 9కి, సరిగ్గా 12 గంటలకు ఇవ్వాలి. పొద్దుటి మాత్ర ఉంటే అది రక్తం ఇచ్చాకే. ముందే మింగి వెళ్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు డోసు తగ్గిస్తారు, జబ్బు మళ్లీ తలెత్తుతుంది. ల్యాబులో ఇంకో పొరపాటూ జరుగుతుంది. ఆకుపచ్చ మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే మందులోనే లిథియం ఉండొచ్చు. ఎర్రమూత ట్యూబులో తీయమని మొహమాటం లేకుండా అడగండి. కుదురుకున్నాక కూడా ఆరు నెలలకోసారి క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), థైరాయిడ్, కాల్షియం చూపించుకోవాలి.

మన తిరుపతిలో అసలు గండం ఎండాకాలం. చెమటతో ఒంట్లో ఉప్పు, నీళ్లు తగ్గితే కిడ్నీలు లిథియంను బయటికి వదలవు. మిట్టమధ్యాహ్నం అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కడం, నీళ్లు కూడా ముట్టని ఏకాదశి ఉపవాసం, విరేచనాలు, బీపీ అని ఒక్కసారిగా ఉప్పు మానేయడం అన్నీ అంతే. కొండకు నడవడం మానక్కర్లేదు. తెల్లవారుజామున బయల్దేరి, ఉప్పేసిన మజ్జిగ తాగుతూ ఎక్కండి. నీళ్లు లేని ఉపవాసం మాత్రం వద్దనే అంటాను.

దిగాక మోకాళ్లు పట్టేస్తే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ తీసుకోవద్దు, రెండూ లెవెల్ పెంచుతాయి. పారాసిటమాల్ చాలు. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు కొత్తగా రాస్తే లిథియం సంగతి ముందే చెప్పాలి.

బాగున్నాం కదా అని ఠక్కున మానడం అన్నిటికన్నా చెడ్డది. మానాల్సి వస్తే డాక్టరు చెప్పినట్టు కనీసం 4 వారాలు, కుదిరితే 3 నెలల్లో కొద్దికొద్దిగా తగ్గించాలి.

వేళ్లు సన్నగా వణకడం మామూలే. గ్లాసు నిలవనంత వణుకు, వాంతులు, మాట ముద్దగా రావడం, తూలడం కనిపిస్తే తర్వాతి మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఆ మత్తులో మనకు తెలియదు. అందుకే ఈ నాలుగూ రాసి మా ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించాను.