అదృశ్య మంత్రంతో కోటలోకి: నా అనుభవం

నిన్న రాత్రి మా ఆట ముగిసేసరికి పదకొండున్నర అయింది. కోట అధికారి గదిలో మేకుకు వేలాడుతున్న తాళపుచెవిని తీసుకొని నేను ఆడే విజార్డ్, అంటే మాంత్రికుడి పాత్ర, ఎవరి కంటా పడకుండా బయటికి వచ్చాడు. రెండు వారాల కిందట ఇదే కోటలో నాకు జరిగిన అవమానం ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి, కొత్తగా విజార్డ్‌ను తీసుకునేవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మేము ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 నాటి నియమాలతో. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక పాత్ర తీసుకొని, మాటలతో, పాచికలతో కథ నడిపే ఆట ఇది. అదృశ్య మంత్రం సంపాదించడం కష్టం కాలేదు. ఒక సమాధిలో అది రాసిన స్క్రోల్ దొరికింది, కనీసం 12 రావలసిన ఆర్కానా (మంత్రవిద్యా జ్ఞానం) పరీక్షలో పాచిక వేస్తే నాకు 16 వచ్చింది, 100 బంగారు నాణేలూ నాలుగు గంటల సమయమూ ఖర్చుపెట్టి నా మంత్రపుస్తకంలోకి ఎక్కించుకున్నాను. ప్రయోగానికి కావలసిన సామగ్రి తుమ్మబంక లాంటి జిగురులో పొదిగిన ఒక కనురెప్ప వెంట్రుక మాత్రమే. తాకిన మనిషి, అతని ఒంటిమీద ఉన్న బట్టలు, సామాను అన్నీ గంట వరకు కనిపించవు. అయితే అతను ఎవరిమీదైనా దాడి చేసినా, మరో మంత్రం వేసినా ఆ క్షణమే మాయ విడిపోతుంది. ఇంతవరకు నేను శ్రద్ధగానే చదివాను. మంత్రం పేజీతో పాటు చదవవలసిన మిగతా పేజీలను చదవలేదు.

ఆ రోజు కోట ద్వారానికి ఇరవై అడుగుల దూరంలో, గోడ మలుపు చాటున నిలబడి మంత్రం వేస్తున్నానని చెప్పాను. మా డీఎం, అంటే కథ నడిపి నియమాల తీర్పు చెప్పేవాడు, వయసులో మాకందరికీ పెద్ద, అన్నా అని పిలుస్తాము. "గొంతు విప్పి చదవాలి కదా, కాపలావాళ్లకు వినిపించదా?" అని అడిగాడు. గుసగుసగా చదువుతానన్నాను. మంత్రానికి నిర్దిష్టమైన స్వరస్థాయి, నాదం ఉండాలని పుస్తకం తెరిచి చూపించి, కాబట్టి గుసగుసలతో పని జరగదన్నాడు. కాపలావాళ్లు అప్రమత్తమయ్యారు. అయినా కనిపించను కదా అన్న ధైర్యంతో నేరుగా ముంగిట్లోకి నడిచాను. అప్పుడు అన్న స్టెల్త్ (అలికిడి లేకుండా దాక్కోవడం) పాచిక వేయమన్నాడు. కనిపించని వాడికి స్టెల్త్ ఎందుకని గట్టిగానే వాదించాను. కళ్లకు కనిపించకపోయినా అడుగుల చప్పుడు, జాడలు ఎక్కడికీ పోవనీ, దాక్కోవడానికి వేరే ప్రయత్నం చేయాలనీ మళ్లీ పుస్తకం తెరిచాడు. పాచిక మీద 11 పడింది, నా నేర్పు 2 కలిపితే 13. కాపలావాళ్ల గ్రహణశక్తి 12 కాబట్టి వాళ్లను దాటాను. వాళ్ల కాళ్ల దగ్గర పడుకున్న మాస్టిఫ్ కుక్కను దాటలేకపోయాను. దాని గ్రహణశక్తి 13 అయినా, వాసన, వినికిడి చురుకైనవి కాబట్టి మరో 5 కలిసి 18 అయింది.

కుక్క లేచి, ముక్కు నా వైపు తిప్పి మొరిగింది. కాపలావాడు దాని ముక్కు చూపిన చోటికే గురిపెట్టి క్రాస్‌బో వదిలాడు. నేను కనిపించను గనుక అతను రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. ఆ తక్కువదే 14. బాణం తగిలి 7 దెబ్బ పడింది, మంత్రం నిలవాలంటే వేసినవాడి ఏకాగ్రత చెదరకూడదు, దాన్ని నిలబెట్టుకోవడానికి పాచికతో 10 కావలసిన చోట నాకు 7 వచ్చింది. నడిముంగిట్లో, ఆరుగురి మధ్య, చేతిలో కర్రతో ప్రత్యక్షమయ్యాను. "ఇది కూడా తెలియకుండా విజార్డ్‌ను ఎందుకు తీసుకున్నావురా?" అని మా పాలడిన్ (కవచం తొడిగిన యోధుడి పాత్ర) ఆడే మిత్రుడు అందరి ముందూ అన్నాడు. అతనికి ఆ నియమాలన్నీ ముందే తెలుసు. నేను మంత్రం వేస్తానన్నప్పుడు నోరు తెరవలేదు. తెలిసిన విషయాన్ని తోటివాడికి చెప్పకుండా దాచి, అతను పడ్డాక నవ్వడాన్ని నేను ఆటలో భాగంగా ఒప్పుకోను. అన్న మీద మాత్రం నాకు కోపం లేదు. ప్రతిసారీ పేజీ చూపించాడు, ఒక్క నియమమూ నాకోసం కల్పించలేదు.

ఆ వారమంతా ఆఫీసు నుంచి వచ్చాక ఏకాగ్రత, దాక్కోవడం, అదృశ్య స్థితి గురించిన పేజీలు మూడేసి సార్లు చదివాను. ఇప్పుడు మా బల్ల దగ్గర ఆ నియమాలు నాకంటే బాగా ఎవరికీ తెలియవని ధైర్యంగా చెప్పగలను. నిన్న మంత్రాన్ని మూడు వందల అడుగుల దూరాన, చెట్ల మధ్య వేశాను. గాలి ఎటు వీస్తోందని ముందే అడిగి, అది కుక్క వైపు నుంచి నా ముఖానికి తగిలేలా అవతలి పక్క నుంచి వెళ్లాను. మా డ్రూయిడ్ (ప్రకృతి శక్తులతో మంత్రాలు వేసే పాత్ర) గోడ బయట నక్కి, తన మంత్రంతో చుట్టూ ముప్పై అడుగుల మేర మా జాడ, చప్పుడు అణిచిపెట్టింది. దానివల్ల స్టెల్త్‌కు 10 కలుస్తుంది. అధికారి గది గోడను ఆనుకునే ఉంది గనుక నేను ఆ పరిధి దాటలేదు. పాచిక మీద 9 పడింది, మొత్తం 21. కుక్క తల ఎత్తి, చెవులు నిక్కించి, కాసేపటికి మళ్లీ ముందుకాళ్ల మీద గడ్డం ఆనించింది. బల్ల చుట్టూ ఎవరూ ఊపిరి తీయలేదు. తాళపుచెవి మేకు మీద నుంచి నా చేతిలోకి రాగానే అదీ మాయమైంది.

నా విజార్డ్ ఐదో లెవల్ చేరగానే మూడో స్థాయి స్లాట్‌తో, అంటే ఈ మంత్రానికే మరింత శక్తి వెచ్చించి, ఇద్దరిని మాయం చేయగలను. కింది గదులకు పాలడిన్‌ను వెంట తీసుకువెళ్లక తప్పదు. ఒంటిమీద ఆ గొలుసు కవచం ఉన్నంతకాలం అతని స్టెల్త్‌కు రెండు పాచికల్లో తక్కువదే లెక్కకు వస్తుందని, పది బంగారు నాణేలు పెట్టి తోలు కవచం కొనుక్కోమని, నేను మాత్రం ముందుగానే, అందరి ముందూ అతనికి చెప్పాను.